ఎవరిదీ కాని బాతు

పెళ్ళికి ముందు ఆమె బొమ్మల కార్ఖానాలో కళ్ళు దిద్దే పని చేసేది. రబ్బరు తలలు బోడిగా, గుడ్డిగా వరసకట్టి బల్ల మీదికి వచ్చేవి. సన్న కుంచెతో నల్లగుడ్డు వేసి, అందులో ఆవగింజంత తెల్లచుక్క పెట్టాలి. చుక్క వెంట్రుకవాసి పైకి పెడితే బొమ్మ నవ్వేది. కిందికి జారితే ఏడుపు దిగమింగుకున్నట్టుండేది. ఆ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. "నువ్వు దిద్దిన బొమ్మని పిల్లలు విసిరికొట్టరే!" అని మేస్త్రీ ఆశ్చర్యపోయేవాడు.

పెళ్ళయిన కొత్తల్లోనే బావగారు, అంటే భర్తకి అన్నగారు, "మన ఇంటి కోడళ్ళు బయట పనికి వెళ్ళరు" అని తేల్చేశారు. మర్నాడు ఆమెను ఇంటి వెనక షెడ్డులో కూర్చోబెట్టి చేతికో చిన్న కత్తి ఇచ్చారు. మిషనులోంచి వేడివేడిగా పడే ప్లాస్టిక్ మగ్గుల అంచులకు సన్నటి పొర మిగిలిపోతుంది. అది గీకెయ్యాలి. ఇంటి పనే కాబట్టి జీతం లేదు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే షెడ్డు. అన్నగారిది నోరు, తమ్ముడివి చేతులు. ఏ వ్యాపారిని ఎలా బుట్టలో వెయ్యాలో అన్నకు తెలుసు. ఉక్కు దిమ్మను చెక్కి, మగ్గు ఆకారం పుట్టించే అచ్చును తయారుచెయ్యడం తమ్ముడికి తెలుసు. ఆ అచ్చునే అందరూ డై అంటారు. వెంట్రుక పట్టనంత దగ్గరగా డై రెండు సగాలనూ కలపగలిగినవాడు, పెళ్ళాన్ని ఎవరైనా ఒక మాట అంటే మాత్రం తలెత్తి చూసేవాడు కాదు. అన్నయ్య మాటంటే అతనికి వేదం. నోట్లో నాలుక లేని మనిషని ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్ళు. నాలుక లేకపోవడం ఎవరికి లాభమో వాళ్ళెవరూ లెక్క వెయ్యలేదు.

వాళ్ళకో కూతురు పుట్టింది. అన్నగారి భార్యకు పిల్లలు లేరు. ఆ తోడికోడలు పిల్లను చంక దింపేది కాదు. "నువ్వు కన్నావంతే చెల్లీ, పెంచేది నేను" అనేది నవ్వుతూ. నిజానికి అది నవ్వులాటేమీ కాదు.

పిల్లకు మూడో ఏడు వచ్చినా దొడ్డికి కుండ మీద కూర్చునేది కాదు. కూర్చోబెడితే కెవ్వున అరిచి లేచిపోయేది. మిగతా ఇల్లంతా ఆ పిల్లను బతిమాలింది, బెదిరించింది, రెండు అంటించింది కూడా. ఒకరోజు తల్లి ఎదురుగా నేల మీద చతికిలబడి ఊరికే చూసింది. పిల్ల మాటిమాటికీ మెడ తిప్పి వెనక్కి చూసుకుంటోంది. ఆ వెనక ఏదో ఉందని దాని భయం. ఒంటరిగా కూర్చోవడమే దాని బాధని తల్లికి అర్థమైంది.

ఆమె బంకమట్టి తెచ్చుకుని షెడ్డులో ఓ మూల బాతును చేసింది. బాతు ముందుకు పోతూ పోతూ ఆగి, తల ఎడమవైపుగా వెనక్కి తిప్పి, తన వీపు మీద కూర్చున్న పిల్ల మొహంలోకి చూస్తున్నట్టు. వంపు తిరిగిన మెడే పిల్ల పట్టుకోవడానికి పిడి. కళ్ళు మాత్రం ఆమె మూడుసార్లు చెరిపి మళ్ళీ దిద్దింది. భర్త చూశాడు. పనయ్యాక రోజూ కాసేపు కూర్చుని ఆ మట్టిబాతుకు డై చెక్కిపెట్టాడు. ఆ కాపురంలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని ఏదైనా ఉందంటే అదే.

బూడిద రంగు ప్లాస్టిక్కులో మొదటి బాతు పడింది. పిల్ల దాని మీద కూర్చుని, మెడ పట్టుకుని, "నువ్వు కూడా వచ్చావా?" అని పలకరించింది. బాతుతో కబుర్లు మొదలెట్టి ఇక లేవనంది.

బావగారు మాత్రం మొహం చిట్లించారు. "మగ్గులు అమ్ముకునేవాణ్ణి. నన్ను దొడ్డి కుండలు అమ్మమంటావా అమ్మాయ్?"

పిల్ల వెళ్ళే నర్సరీ టీచరుకు ఆ బాతు తెగ నచ్చింది. నర్సరీకని కొన్ని చేయించుకుంది. ఆ ఏడాది చివర అచ్చువేయించిన గోడ క్యాలెండరు మీద, గౌను మోకాళ్ళ దాకా సర్దుకుని బాతు మెడ కావలించుకుని కూర్చున్న ఈ పిల్ల ఫోటోనే వేయించింది. పిల్ల మొహంలో మంత్రిగారి గాంభీర్యం! ఆ క్యాలెండరు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ, దర్జీ కొట్లోనూ, మంగలి షాపులోనూ వేలాడింది. చూసినవాళ్ళంతా ఆ బాతు ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

అడిగేవాళ్ళు ఎక్కువయ్యేసరికి బావగారికి దొడ్డి కుండల మీద గౌరవం పుట్టింది. మగ్గుల డైలు మూలకు చేరాయి. రెండు మిషన్లూ పగలంతా బాతులే కక్కాయి. ఆ మరుసటి ఏడు ఆయన ఎవరో ఏజెంటును పట్టుకుని డిజైను రిజిస్ట్రేషన్ చేయించుకొచ్చారు. ఆ సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి, ఆఫీసు గదిలో తన కుర్చీ వెనక తగిలించారు. దాంట్లో బాతు బొమ్మలు వరసగా ఉన్నాయి. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి, పై నుంచి, కింద నుంచి. అడుగున ఒకటే పేరు.

ఆమె తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని దాని ముందు నిలబడిపోయింది.

"బావగారూ, ఇందులో నా పేరు లేదేంటండీ?"

"ఇంటిపేరు ఉందిగా. నీ ఇంటిపేరు వేరా?"

"బాతు చేసింది నేను కదండీ."

"రోజూ వండేది మీ అక్క. అలాగని కంచాల మీద ఆవిడ పేరు చెక్కించామా?" అన్నారు బావగారు. ఆఫీసులో ఉన్న వ్యాపారి పగలబడి నవ్వాడు. భర్త గుమ్మం దగ్గరే ఉన్నాడు. చేతిలో ఉన్న మరమేకును వెలుగుకు ఎత్తిపట్టి, దానికి ఉన్న చుట్లు చూస్తున్నాడు.

సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు. బాతుల మీద ఇంటికి పై అంతస్తు లేచింది. అందులోకి బావగారూ, తోడికోడలూ మారారు. పిల్ల కూడా సగం పైనే ఉండేది. అక్కడ దానికో గది, దానికో మంచం. కింద తల్లి బాతుల అంచులు గీకుతూ ఉండేది. ఏళ్ళు గడిచాయి. రిజిస్ట్రేషన్ గడువు తీరబోతే బావగారు పొడిగించుకున్నారు. ఎవడైనా అలాంటి బాతు చేస్తే నోటీసు వెళ్ళేది. ఒక ముసలాయన చిన్న షెడ్డులో ఇలాంటివే పోసుకుని అమ్ముకుంటుంటే, సరుకంతా నడిబజార్లో సుత్తితో పగలగొట్టించారు. ఆరోజు ఆమె కూడా చూడ్డానికి వెళ్ళింది. ముసలాయన మీద జాలి కలగలేదు. 'నా బాతును నువ్వెవడివి చెయ్యడానికి' అనిపించింది. ఆ 'నా' అన్నమాట తనకు తనే అనుకోవడం అదే మొదటిసారి.

కూతురికి పద్నాలుగో ఏడు నడుస్తుండగా ఆ ఊరి చిన్న పరిశ్రమల వాళ్ళు సభ పెట్టి బాతుకు బహుమతి ఇచ్చారు. ఇంటిల్లిపాదీ ముందు వరసలో కూర్చున్నారు. బావగారు మైకు అందుకున్నారు.

"మా తమ్ముడి కూతురు చిన్నప్పుడు కుండ మీద కూర్చోడానికి భయపడేది. ఎందుకా అని దాని ఎదురుగా నేల మీద కూర్చుని చూశాను. పాపం, వెనక్కి చూసుకుంటోంది! ఒంటరితనమండీ అది. అప్పుడు తట్టింది నాకు..."

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంది. అప్పుడు పిల్ల తల్లి లేచి నిలబడింది.

"ఆ నేల మీద కూర్చుంది నేను. మీరు ఆ టైములో ఊళ్ళోనే లేరు."

బావగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మైకులోనే మెత్తగా, "మా మరదలండీ. మనసు మంచిదే. ఈ మధ్య కాస్త ఒంట్లో బాగుండటం లేదు. తమ్ముడూ, ఆవిణ్ణి కాస్త బయటికి తీసుకెళ్ళు, గాలి తగులుతుంది" అన్నారు. భర్త లేచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పక్కనే ఉన్న కూతురు తల వంచుకుని గోళ్ళు చూసుకుంది.

బాతును పట్టుకుపోయినన్నాళ్ళూ ఆమె పడి ఉంది. ఆరోజు ఆయన తన కూతురి భయాన్ని కూడా పట్టుకుపోయారు. అది మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

బొమ్మల కార్ఖానాలో ఒకప్పటి స్నేహితురాలికి ఊరి చివర రేకుల షెడ్డూ, మూలుగుతూ తిరిగే పాత మిషనూ ఉన్నాయి. ఆమె అక్కడికి చేరి మళ్ళీ మట్టి పిసికింది. మళ్ళీ బాతే. పేచీ రాకుండా తల కుడివైపుకు తిప్పింది. ఎడమకు తిప్పితే ఆయనది, కుడికి తిప్పితే నాది అనుకుంది పాపం. డై చెక్కిపెట్టమని భర్తను అడిగింది.

"అన్నయ్యకి తెలిస్తే?" అన్నాడు.

"అన్నయ్యకి తెలియాలనే చెయ్యమంటున్నా."

అతను చెయ్యలేదు. మరొకడు చెక్కాడు. ముక్కు వంకర పోయింది. ఆకురాయితో ఆమే నున్నగా రుద్దుకుంది. సంతల్లో తక్కువ ధరకు పెడితే బాతులు బాగానే ఎగిరిపోయాయి. రెండో నెలలోనే బావగారి కేసు వచ్చిపడింది.

కోర్టు మనుషులు షెడ్డుకు వచ్చారు. సరుకు గుర్తుపట్టడానికి వాదివైపు మనిషిగా ఎవరిని తీసుకొచ్చారో తెలుసా? ఆమె భర్తను. అతను ఒక్కో బాతునూ తిరగేసి, "ఇదే రూపమండీ" అని, బస్తాలో వేశాడు. బస్తాలు బరువైతే మోయడానికి ఓ చెయ్యి కూడా వేశాడు. మిషనుకు సీలు వేసి వాళ్ళు వెళ్ళిపోయాక స్నేహితురాలు, "నీ గొడవలోకి నన్నెందుకు లాగావే?" అని ఏడ్చింది. ఆ తర్వాత ఆ స్నేహం లేదు.

ఆ సాయంత్రం భర్త యథాప్రకారం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకున్నాడు. ఆమె వడ్డించింది. అప్పటికీ వడ్డించిందంటే మీరు నమ్మాలి.

కోర్టులో బల్ల మీద రెండు బాతుల్నీ పక్కపక్కన పెట్టారు. బావగారి లాయరు సంచిలోంచి అద్దం తీసి, ఆమె బాతు పక్కన నిలబెట్టాడు. అద్దంలో కుడి ఎడమైంది. అచ్చం బావగారి బాతే కనిపించింది. జడ్జి కళ్ళజోడు సర్దుకుని, అటూ ఇటూ చూసి, నవ్వు ఆపుకున్నాడు. పిల్ల కూర్చోడానికి బాతు ఎంత బాగా పనికొస్తుందన్నది అక్కడ ఎవరికీ అక్కర్లేదు. కంటికి ఎలా కనబడుతోందన్నదే ఆ చట్టానికి కావాలి. కంటికి రెండూ ఒకటే.

ఆమె తరఫు లాయరమ్మ ఎప్పుడూ జలుబుతో ఉండే పొడుగాటి మనిషి. ఈ రూపం నిజంగా ఎవరిదో తేల్చడానికి భర్తను బోనెక్కించింది.

"ఈ బాతు రూపం ఎవరు తయారుచేశారు?"

"అన్నయ్యండీ."

"మొదటి మట్టిబొమ్మ ఎవరు చేశారు?"

"అన్నయ్య చెప్తే... ఇంట్లోవాళ్ళు చేశారు."

"ఇంట్లోవాళ్ళంటే?"

అతను అన్నగారి వైపు చూశాడు. "ఇంట్లోవాళ్ళేనండీ" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె అడిగింది. "ఆ డై చెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని మరీ మెడ వంపు కొలుచుకున్నారు. గుర్తులేదా?"

"ఉంది."

"మరి?"

"అన్నయ్య ఎదురుగానే కూర్చున్నాడు" అన్నాడు అతను, అంతకంటే కారణం ఎవరికైనా కావాలా అన్నట్టు.

లాయరమ్మ ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. "మీదేనని నిరూపించడం ఇక జరగని పనమ్మా. కట్టుకున్నవాడే కాదన్నాడు. ఇంకోదారి ఉంది. రిజిస్ట్రేషన్ అనేది కొత్త రూపానికే ఇస్తారు. దరఖాస్తు పెట్టకముందే ఆ రూపాన్ని ఊరంతా చూసేసిందని చూపిస్తే, అది చెల్లదు. కొట్టేస్తారు."

"కొట్టేస్తే నా పేరు మీదికి వస్తుందా?"

"రాదు. ఎవరి పేరు మీదా ఉండదు. ఎవడైనా చేసుకోవచ్చు, మీతో సహా."

"ఆయనకి పోతుందిగా?"

"పోతుంది."

"అయితే అదే చెయ్యండి."

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదేనేమో. కానీ ఆ మాట ఆమెతో అనేవాళ్ళు అప్పుడు ఎవరూ లేరు.

సాక్ష్యం ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. నర్సరీ క్యాలెండరు వీధంతా చూసిందే. పైన ఏడాది అంకె దానంతటదే సాక్షి. దర్జీ గోడ పెచ్చులూడిన చోటును కప్పిపెట్టడానికి అది ఇంకా అలాగే వేలాడుతోంది. ఆమె అడిగి తెచ్చుకుని బల్ల మీద పరిచింది. బడి నుంచి వచ్చిన కూతురు చూసి నిలువునా నీరైపోయింది.

"అమ్మా, ఇది కోర్టులో చూపిస్తావా?"

"చూపించాలి."

"వద్దమ్మా. మా క్లాసమ్మాయి వాళ్ళ నాన్న అక్కడే గుమాస్తా. రేపే స్కూలంతా తెలిసిపోతుంది."

"మూడేళ్ళ పిల్లవి. గౌను కప్పుకుని కూర్చున్నావు. ఇందులో సిగ్గేముంది?"

"సిగ్గు నాది. ఉందో లేదో నేను కదా చెప్పాలి!"

తల్లి వంటింట్లోకి వెళ్ళి వచ్చేలోగా పిల్ల ఆ క్యాలెండరును పరపరా చింపేసింది. తల్లి చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ పిల్ల మీద ఆమె చెయ్యి పడటం అదే మొదలు. పిల్ల ఏడవలేదు. మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్ళిపోయింది. మర్నాడు తల్లి మంగలి షాపులో ఉన్న ఇంకో క్యాలెండరు పట్టుకొచ్చి లాయరమ్మకు ఇచ్చేసింది.

ఆ పూటే తోడికోడలు మెట్లు దిగి వచ్చింది. "చెల్లీ, మగాళ్ళ గొడవ ఎటైనా పోనీ. పిల్లని ఇందులోకి దింపకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇన్నాళ్ళూ పెంచేది నేనే అన్నావుగా అక్కా. ఇప్పుడు నేను కన్నానని గుర్తొచ్చిందా?"

తోడికోడలు మొహం పాలిపోయింది. ఆ దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలిందని తల్లికి తెలుసు. మనసు చల్లబడింది కూడా.

క్యాలెండరును ఇప్పుడు కొత్తగా అచ్చువేయించారని, అందులో ఉన్నది ఎవరి పిల్లో అని బావగారి లాయరు వాదించాడు. నర్సరీ టీచరు వచ్చి, తానే అచ్చువేయించానని, పిల్ల ఫలానా అని చెప్పింది. ప్రెస్సువాడూ చెప్పాడు. "చాలు, నెగ్గినట్టే" అంది లాయరమ్మ.

"పిల్లను కూడా పిలవండి" అందామె.

"అక్కర్లేదమ్మా."

"పిలవండి. పై అంతస్తులో కూర్చుని నాకు ఎదురు తిరిగిందిగా. కిందికి దిగనివ్వండి."

లాయరమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసి కాగితాలు సర్దుకుంది. ఫీజు ఇచ్చేవాళ్ళు చెప్పింది చెయ్యకపోతే ఎలా?

పదిహేనేళ్ళ పిల్ల బోనెక్కింది. పక్కన స్టాండు మీద, అందరికీ కనబడేలా పెద్దది చేసిన ఫోటో పెట్టారు. అందులో ఉన్నది నువ్వేనా అని లాయరమ్మ అడిగింది. పిల్ల అవునంది. ఇది ఎక్కడ తీశారు అంటే నర్సరీలో అంది. ఆ తర్వాత బావగారి లాయరు లేచాడు. ఆయనకు ఆ పిల్లను అడగడానికి నిజంగా ఏమీ లేదు. ఓడిపోతున్నానని తెలిసినవాడికి ఎవరినో ఒకరిని గిల్లాలనిపిస్తుంది.

"అందులో నువ్వేం చేస్తున్నావమ్మా?"

పిల్ల ఫోటో వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"గట్టిగా చెప్పు. జడ్జిగారికి వినబడాలి."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకింది. జడ్జి బల్ల చరిచి, ప్రశ్నను కొట్టిపారేసి, పిల్లను దిగమన్నాడు. దిగుతూ దిగుతూ పిల్ల తల్లి వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఎవరో తెలియని మనిషి తన కుర్చీలో కూర్చుంటే చూసినట్టు చూసింది.

తర్వాత ఆమె వంతు. బోనెక్కే ముందు లాయరమ్మ చెవిలో గట్టిగా చెప్పింది. "నేను చేశాను, నా బాతు అని మొదలెట్టకండి. ఈ రూపం అప్పటికే అందరికీ తెలుసు, ఇందులో కొత్తేమీ లేదు. అంతే చెప్పాలి."

ఆమె అలాగే చెప్పింది. ప్రమాణం చేసి మరీ చెప్పింది. "దరఖాస్తు పెట్టేనాటికి ఈ బాతులో కొత్తేమీ లేదండీ" అంది. ఆ మాట మధ్యలో ఒకసారి నీళ్ళు అడిగి తాగి, మళ్ళీ మొదటి నుంచి స్పష్టంగా చెప్పింది.

రిజిస్ట్రేషన్ రద్దయింది. కేసు కొట్టేశారు. మా వీధివాళ్ళు ఆమెకు అభినందనలు చెప్పాలో పరామర్శించాలో తెలియక తలుపులు వేసుకున్నారు. వీధి ఆమెకు బాతమ్మ అని పేరు పెట్టింది మాత్రం అప్పుడే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె రచ్చ గెలిచి వచ్చేసరికి ఇల్లు లేదు.

ఆ సీజను తిరగకముందే బజారు బాతులతో నిండిపోయింది. పెద్ద కార్ఖానాల బాతులు. పల్చటివి, మెరిసేవి, తల ఎడమకు తిప్పినవి, కుడికి తిప్పినవి. ఒక కంపెనీది ఏకంగా మెల్లకన్ను బాతు. ఆమె తనకంటూ ఓ షెడ్డూ మిషనూ అద్దెకు తీసుకుని మళ్ళీ మొదలెట్టేసరికి, ఆమెకు ప్లాస్టిక్ గింజలు పడే ఖరీదుకే బజార్లో బాతు దొరుకుతోంది. కొట్టువాడు ఆమె బాతును చేత్తో తూచి, "బరువెక్కువమ్మా, బాగుంది. కానీ ఎవరు కొంటారు? అందరూ ఇదే కాపీ కొడుతున్నారు, మీరూ కాపీయేగా" అన్నాడు. ఆమె బాతును సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

బావగారు చితికిపోయారనుకుంటున్నారా? అబ్బే. నోరున్నవాడు చితికిపోడు. ఆయన మిషన్లు రెండూ తెగనమ్మి, ఒక పెద్ద కంపెనీ బాతులకు ఊరంతటికీ డీలరుగా కుదిరారు. గోడౌన్లో మెల్లకన్ను బాతులు కప్పు దాకా పేర్చారు. అద్దం కట్టిన సర్టిఫికెట్టు తీసేసి, ఆ చోట కంపెనీవాళ్ళిచ్చిన గడియారం తగిలించారు. మునుపటి కన్నా ఒళ్ళు చేశారు.

చితికింది తమ్ముడు. ఒకరోజు పొద్దున్నే అన్నగారు పిలిచి, "తమ్ముడూ, ఇక డైల పని లేదురా మనకి. నువ్వు కూడా ఏదో ఒకటి చూసుకో" అన్నారు. జీవితంలో అన్నయ్య మాట కాదనని మనిషి దానికీ కాదనలేదు. పనిముట్లు గోనెసంచిలో వేసుకుని ఆమె షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆమె అప్పుడు మందుల కంపెనీకి సీసాల మూతలు పోస్తోంది. గుండ్రటి తెల్లటి మూతలు. వాటికి ఏ రూపమూ లేదు, వాటి కోసం ఎవరూ కోర్టుకు వెళ్ళరు.

"అన్నయ్య..." అని మొదలెట్టాడు అతను.

"తెలుసు" అంది. మిషను ఆపలేదు. "ఆ డై ఒక పక్క కారుతోంది. చూడండి."

చూశాడు. బాగుచేశాడు. ఆనాటి నుంచి అక్కడే పని. రోజంతా ఒకరికొకరు నాలుగడుగుల దూరంలో ఉంటారు. మూతల గురించి తప్ప మాట్లాడుకోరు. ఒకసారి అతను ఏదో సందర్భంలో, "ఆరోజు బోనులో నేను..." అన్నాడు. ఆమె గబుక్కున మిషను స్విచ్చి వేసింది. ఆ రొదలో మిగతాది వినబడలేదు. అతను మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

కూతురు పై అంతస్తులోనే ఉండిపోయింది. బడిలో రెండేళ్ళ పాటు దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. బల్ల మీద సుద్దతో బాతు బొమ్మలు వేసేవాళ్ళు. తర్వాత బడి మారింది. పెద్దమ్మ దగ్గరుండి మార్పించింది. పిల్ల పెద్దమ్మనే అమ్మా అని పిలవసాగింది. తల్లి తన మకాం అద్దె షెడ్డుకు మార్చేసింది కాబట్టి, మెట్ల దగ్గర ఎదురుపడే అవసరం ఇద్దరికీ తప్పింది.

ఆ పిల్ల కాలేజీలో చేరిన ఏడు, ఒక మధ్యాహ్నం ఆమె మూతల బస్తాతో బస్సు కోసం నిలబడింది. బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. ఆమె బస్తాను మెట్టు మీదికి ఎత్తబోయి ఎత్తలేకపోయింది. ఎవరిదో చెయ్యి బస్తా రెండో కొస పట్టుకుని లేపింది. ఆమె తల తిప్పి చూసింది. కూతురే. పుస్తకాలు గుండెలకు హత్తుకుని, స్నేహితురాళ్ళ గుంపులోంచి వచ్చింది. ఎత్తు పెరిగింది. కనుబొమ్మల మధ్య చిన్న ముడత కొత్తగా వచ్చింది.

"ఎవరే ఆవిడ, నీకు తెలుసా?" అని ఒక పిల్ల వెనక నుంచి అడిగింది.

"మా వీధిలో ఉంటారు" అంది కూతురు. బస్తాను లోపలికి నెట్టి, చేతులు దులుపుకుంది. తల్లి ఇంకా కడ్డీ పట్టుకుని మెట్టు మీదే ఉంది.

"జాగ్రత్తండీ" అంది కూతురు. "మెట్టు ఎత్తుగా ఉంది. చూసుకుని ఎక్కండి."

అంత మర్యాదగా ఆమెతో ఎవరూ మాట్లాడి ఎరగరు. ఆమె ఎక్కింది. బస్సు కదిలింది. కండక్టరు బస్తాకు కూడా టిక్కెట్టు తీసుకోవాలన్నాడు. తీసుకుంది.